మేఘ భాండారము

మేఘమనగానే మనకు ఆషాఢమాసపు ఆకాశము, దున్నుటకు సిద్ధమైన నల్లరేగడి చేలు స్ఫురించును. నేడు మరియొక మేఘము పేరు మన యిండ్లలో తరచుగా వినవచ్చుచున్నది. "పెండ్లి ఫోటోలన్నియు క్లౌడులో నున్నవి" అందురు. ఆ క్లౌడు ఎచ్చట నున్నదని యడిగినచో, చెప్పినవారే ఆకాశమువంక చూచుట కలదు.

ఈ పేరు ఇంజనీర్ల పటములనుండి వచ్చినది. సమాచారజాలముల మార్గములను గీయునప్పుడు వారు తమకు కావలసిన యంత్రములను వివరముగా గీసి, నడుమనున్న జటిలమైన భాగమును మేఘాకారపు గీతతో చుట్టి విడిచెడివారు. అందు ఏమున్నదో ఆ పటము చదువువానికి తెలియనక్కరలేదని దాని భావము. నిజమునకు ఈ మేఘము నేలమీదనే యున్నది. అది కిటికీలు తక్కువగా నున్న విశాలమైన భవనము. లోపల బీరువాలవలె వరుసలు తీరిన కంప్యూటర్లు రేయింబవళ్లు పనిచేయుచుండును. వాని వేడిని తగ్గించుటకు శీతలయంత్రములు, విద్యుత్తు ఆగినచో నడుపుటకు జనరేటర్లు ఉండును. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున ఇట్టి కేంద్రముల సముదాయము నొకదానిని ప్రారంభించినది.

ఛాయాచిత్రములను రెండు చోట్ల దాచుట మనకు క్రొత్త విద్య కాదు. పూర్వము కుటుంబమంతయు పట్టణమునకు పోయి, స్టూడియోలో వరుసగా నిలిచి, ఊపిరి బిగబట్టి ఒక్క ఫోటో తీయించుకొనెడిది. అచ్చు మన గోడకు వ్రేలాడెడిది; నెగటివు స్టూడియోవారియొద్ద నుండెడిది. గోడమీది పటమునకు చెదలు పట్టినను, నెగటివు చెడకున్నచో మరియొక ప్రతి తీయవచ్చును. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు 1905లో కాలధర్మము నొందెను. ఆయన గాజుపలకల నెగటివులలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో కొని భద్రపరచినది. ఆ పలకలు నిలిచినందుననే ఆనాటి హైదరాబాదును మనము నేడు చూడగలుగుచున్నాము. సామాన్యుల కుటుంబచిత్రములకు అట్టి కళాకేంద్రము లేదు గదా! వానికి ట్రంకుపెట్టెయే గతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగరు మొదలగు ప్రాంతములు నీట మునిగినప్పుడు, అలమరలోని సామాను నానకుండ దాచుకొను వ్యవధి ఎందరికో లేకపోయెను. బియ్యము మరల కొనవచ్చును. తడిసి యొకదానికొకటి యంటుకొనిన ఫోటోలను ఏ యంగడిలో కొందుము?

ఇక ఫోను తీసిన చిత్రము సంగతి చూతము. అది వట్టి సున్నలు, ఒకట్ల వరుస. అట్టివి ఎనిమిది కలిసినచో ఒక బైటు. సాధారణమైన చిత్రము సుమారు 30 లక్షల బైట్లుండును. కంప్యూటరులో ఒక తెలుగు అక్షరచిహ్నమునకు మూడు బైట్లు పట్టును గనుక, ఒక ఫోటో యుండు చోటులో 10 లక్షల అక్షరచిహ్నములు ఇముడునన్నమాట. ఫోను ఈ వరుసను చిన్న పొట్లములుగా విడగొట్టి, దారిలో నెవరును చదువకుండ గూఢలిపిలోనికి మార్చి పంపును. అచ్చట దానిని ఒక్క డిస్కుమీదనే గాక వేరువేరు యంత్రములమీద ప్రతులుగా నుంతురు. వేలకొలది డిస్కులు తిరుగుచోట ఏదో యొకటి చెడుట నిత్యకృత్యము. చెడినదానిని తొలగించి, మిగిలిన ప్రతినుండి క్రొత్తదానిమీద మరల వ్రాయుదురు. ఫోటో యజమానికి ఈ సంగతియే తెలియదు.

తెనాలిలో అమ్మమ్మ, డాలసులో మనుమరాలు ఉన్నారనుకొందము. మనుమరాలు చిత్రములను వాట్సాపులో మామూలుగా పంపినచో, దారిఖర్చు తగ్గించుటకై అవి కుదింపబడి చేరును. పెద్దదిగా అచ్చు వేయించినచో ముఖములు మసకబారును. అట్లుగాక మేఘ భాండారములో నొక సంచయము తెరచి, కుటుంబమువారిని దానిలోనికి పిలిచినచో, మూలచిత్రమునే అందరును పొందవచ్చును. "అమ్మమ్మా, నేను పంపలేదే, నీకెట్లు వచ్చినవి?" అని మనుమరాలు పరిహసించును. "నీవు ఆ పెట్టె తాళము నాకును ఇచ్చితివి గదే!" అని ఆమె బదులు చెప్పును. పంచుకొనుట యనగా ఇచ్చట వస్తువును పంపుట గాక, తాళపుచెవి నిచ్చుట యన్నమాట.

తాళపుచెవులలో భేదములు కలవు. చూచుటకు మాత్రము హక్కునిచ్చునది యొకటి. చేర్చుటకు, తీసివేయుటకు గూడ హక్కునిచ్చునది మరియొకటి. లింకు చేతనున్న ప్రతివానికిని తలుపు తెరచునది మూడవది. ఈ మూడవదానిని నేను కుటుంబచిత్రములకు వాడను. బంధువుల గుంపులో పెట్టిన లింకు ఎన్ని చేతులు మారునో చెప్పజాలము. ఫోటోలో ముఖమే గాక, తీసిన దినము, గంట, ఒక్కొక్కప్పుడు ఆ స్థలపు అక్షాంశ రేఖాంశములు గూడ దాగియుండును. పసిబిడ్డ చిత్రమును చూడవచ్చినవాడు బిడ్డ యుండు వీధిని గూడ తెలిసికొనవచ్చును.

ఇంకొక చిక్కును విద్యార్థులు బాగుగా గ్రహింపవలెను, ఏలయన ఫోను నిండినప్పుడు ఖాళీ చేయుమని ఇంటిలోనివారు సాధారణముగా మీకే యిత్తురు. ఒక యింటిలో అన్నయు తండ్రియు ఒకే ఖాతాను వాడుకొనుచుండిరి. చిత్రములన్నియు క్లౌడులో నున్నవిగదా యని యా పిల్లవాడు తండ్రి ఫోనులోని మూడేండ్ల ఫోటోలను చెరిపివేసెను. సాయంకాలమునకు అవి ఇంటిలోని ప్రతి పరికరమునుండియు మాయమయ్యెను. ఫోనును మేఘమును ఎల్లప్పుడును ఒక్కతీరుగ నుంచు పద్ధతిలో, ఇచ్చట చేర్చినది అచ్చట చేరును, ఇచ్చట చెరిపినది అచ్చటను చెరగును. అదృష్టవశమున చెరిపినవి కొన్నాళ్లు చెత్తబుట్టలో నిలుచును. ఆపిల్ వారియొద్ద 30 దినములు ఉండును. ఆ యింటివారు రెండవవారములోనే గమనించి తిరిగి పొందిరి. నెల దాటినచో ఆ పిల్లవాని చెల్లెలు నడకలు నేర్చిన చిత్రమొక్కటియు మిగులకుండెడిది.

భవనమే దగ్ధమైనచో? 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ సంస్థవారి కేంద్రములో అగ్ని చెలరేగి, ఐదంతస్తుల భవనమొకటి నాశనమయ్యెను. ప్రతిని వేరొక ఊరిలో నుంచుకొనినవారు తేరుకొనిరి; మూలమును ప్రతియు ఆ ప్రాంగణముననే యుంచినవారిలో పలువురు సమస్తమును పోగొట్టుకొనిరి. అందుచే పీటర్ క్రోగ్ అను ఛాయాగ్రాహకుడు ప్రచారము చేసిన లెక్క నేటికిని ఉపయోగకరముగా నున్నది. ప్రతులు మూడుండవలెను, అవి రెండు విధములైన సాధనములమీద నుండవలెను, ఒకటి వేరొక స్థలమున నుండవలెను. మన యింటికి దీనిని అన్వయించినచో ఫోనొకటి, బీరువాలోని హార్డు డిస్కొకటి, మేఘమొకటి.

ఈ భాండారములు ధర్మసత్రములు గావు. గూగుల్ సంస్థ 2015లో తన ఫోటోల సేవను ప్రారంభించినప్పుడు, కొంత కుదించిన చిత్రములను ఎన్నింటినైనను ఉచితముగా దాచుకొననిచ్చెను. 2021 జూన్ 1 నుండి ఆ వరమును ఉపసంహరించినది. ఉచితముగా నిచ్చు 15 గిగాబైట్లలో సుమారు 5,000 ఫోటోలు పట్టును. అందే ఉత్తరములును ఇమడవలెను. రెండేండ్లు వాడని ఖాతాను తొలగింతుమని ఆ సంస్థయే 2023లో ప్రకటించి, ఆ యేటి డిసెంబరునుండి అమలుపరచినది. ఇంటి పెద్దయొకరు గతించి, ఆయన పాస్‌వర్డు ఎవరికిని తెలియనిచో, ఆయన తీసిన చిత్రములు రెండేండ్లలో ఆయనవెంటనే పోవచ్చును. తన తరువాత ఖాతాలోని వస్తువులు ఎవరికి చెందవలెనో ముందుగా వ్రాసియుంచు ఏర్పాటును గూగుల్ 2013లోను, ఆపిల్ 2021లోను కల్పించినవి. వీలునామా వ్రాయుటకు సంకోచించు పెద్దలు గూడ దీనిని పది నిమిషములలో పూర్తిచేయగలరు. ప్రక్కన కూర్చుండి చూపువారుండవలెను, అంతే.

పట్టాలు, పరీక్షా పత్రముల సంగతి వేరు. వానికై భారత ప్రభుత్వము 2015లో డిజిలాకరును స్థాపించినది. బోర్డువారు అందులోనికి నేరుగా పంపిన మార్కుల పత్రము మూలపత్రముతో సమానముగా చెల్లును. మీరు స్వయముగా ఫోటో తీసి చేర్చిన దానికి ఆ హోదా లేదు.

పాత ఆల్బములను మేఘమునకు చేర్చదలచినవారు చిత్రపు వెనుకవైపును గూడ ఫోటో తీయవలెను. పేర్లు, తేదీ, స్టూడియో ముద్ర తరచుగా అచ్చటనే యుండును. వెనుక నేమియు లేనిచో, ఎరిగిన పెద్దల నడిగి చిత్రముక్రింది వివరణ గడిలో తెలుగుననే వ్రాయవచ్చును: ఎడమనుండి ఎవరెవరు, ఏ యూరు, ఏ యేడు, ఎవరి పెండ్లి. యంత్రము ముఖములను పోల్చి ఒకచోట చేర్చగలదు గాని, ఆ మూలను పరికిణీతో నిలిచిన బాలిక మేనత్తయో, ఇరుగుపొరుగు పిల్లయో దానికి తెలియదు. ఈ పనికి ఆదివారము మధ్యాహ్నము అనువైనది. పదునైదు ఫోటోలకంటె ఎక్కువ సాగవు, ఏలయన ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క కథ బయలుదేరును.