41 రోజులు మానగలిగిన మనిషి 42వ రోజు ఎందుకు తాగుతున్నాడు?

 

కార్తీకం దగ్గర పడుతోందంటే మాల వేసుకునేవాళ్ళ ఇళ్ళల్లో ఒక సంబరం ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఆ సంబరానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ 41 రోజులూ ఆయన తాగడు. పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. అలాంటి ఇళ్ళ తల్లులు నాతో చెప్పే మాట దాదాపు ఒకటే. "మాల ఉన్నన్నాళ్ళూ దేవుడేనండి. తీసిన రోజు సాయంత్రానికి మళ్ళీ మామూలే. ఇది ఐదో ఏడు." ఆ వెంటనే అడిగేది కూడా ఒకటే. "అంత భక్తి ఉన్న మనిషి ఎందుకు నిలబడలేకపోతున్నాడు?"

ఈ రోజు పాఠం ఆ ప్రశ్న గురించే. సమాధానం ముందే చెప్పేస్తాను. ఆయనకి భక్తి తక్కువ కాలేదు. మానిన ప్రతిసారీ తాగుడు తిరగబెడుతోందంటే, ఇంతవరకూ అందిన వైద్యం చాలలేదని అర్థం. చాలామందికి అసలు వైద్యమే అందలేదు.

దీక్ష ఏం చేస్తుంది?

దీక్షలో మనిషి జీవితం ఒక్క పూటలో మారిపోతుంది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, నేల మీద పడక, పీఠంలో తోటి స్వాములు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్ళు కూడా "స్వామీ" అంటారు. సాయంత్రం ఆరయ్యేసరికి పిలుపులకి వచ్చే స్నేహితులు గుమ్మం తొక్కరు. మంచి డీఅడిక్షన్ సెంటర్లో వైద్యులు కూడా ఇలాంటివే ఏర్పాటు చేస్తారు: నియమం, తోడు, మందుకి దూరం, మనిషికి గౌరవం. అందుకే దీక్షలో మానడం సాధ్యమవుతోంది.

శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీయించుకున్నాక ఇవన్నీ ఒకేసారి పోతాయి. సాయంత్రం ఆరు మాత్రం రోజూ వస్తుంది. బెల్టు షాపు ఉన్నచోటే ఉంటుంది.

లోపల ఇంకో సంగతి ఉంది. ఏళ్ళ తరబడి తాగిన మనిషి మెదడులో కోరిక పుట్టించే చోటు, "వద్దు" అని ఆపే చోటు రెండూ దెబ్బతింటాయి. అవి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోనే పెట్టింది. వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మందికి అది తిరగబెడుతుందని అంచనా. బీపీ, ఆస్తమా కూడా దాదాపు ఇలాగే తిరగబెట్టే జబ్బులు. బీపీ పెరిగిన మనిషిని "నీకు భక్తి లేదు" అని ఎవరూ అనరు కదా. మందు మార్చాలా, మోతాదు చూడాలా అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. ఇక్కడా చేయాల్సింది అదే.

మాల వేసే ముందే డాక్టర్

పొద్దున్న లేవగానే చేతులు వణుకుతూ, ఒక క్వార్టర్ పడితే గానీ ఆ వణుకు ఆగనివాళ్ళు ఉంటారు. అలాంటి మనిషి ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. ఇది ప్రతి గురుస్వామికీ తెలియాలి. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి, మనుషుల్ని గుర్తుపట్టరు. దీక్షలో ఉన్న మనిషి మూడో రోజు అలా ఊగిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పూనకం అనుకునే అవకాశం ఉంది. హారతి ఇచ్చి కూర్చుంటే ప్రాణం పోవచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

కాబట్టి రోజూ తాగే మనిషి మాలకి పది పదిహేను రోజుల ముందే మానసిక వైద్యుణ్ణి కలవాలి. కొన్ని రోజులు మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గిస్తూ, బీ1 విటమిన్ ఇస్తూ క్షేమంగా మాన్పిస్తారు. ఆ తర్వాత మాల వేసుకుంటే దీక్ష కూడా ప్రశాంతంగా సాగుతుంది.

ఇన్నిసార్లు తిరగబెట్టింది, ఇక ఏ వైద్యం?

"అన్నీ అయిపోయాయండి, రెండుసార్లు హాస్పిటల్లో కూడా పెట్టాం" అంటారు. ఏం చేశారని అడిగితే వారం రోజులు సెలైన్, నిద్రమాత్రలు, డిశ్చార్జి. అది ఒంట్లోంచి మందుని దింపడం మాత్రమే. వైద్యంలో మొదటి మెట్టు. అక్కడే ఆగిపోతే తిరగబెట్టడం వింత కాదు.

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంతవరకూ ఎన్నిసార్లు మానారు, ఎన్ని రోజులు నిలబడ్డారు, మళ్ళీ మొదలైన రోజు ఎక్కడ, ఎవరితో, అంతకు ముందు ఏం జరిగింది, అప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఎప్పుడు ఆపేశారు, అన్నీ రాయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, పోట్లాడుకోకుండా రాయాలి. కొందరికి జీతం రోజు కనబడుతుంది. కొందరికి అప్పులవాడి ఫోను, అత్తారింట్లో మాట, పెళ్ళి విందు, నిద్రలేని రాత్రులు. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టి మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: తాగుడు వెనక డిప్రెషన్, ఆందోళన లాంటి జబ్బు ఇంకేదైనా ఉందా? దాన్ని చూడకుండా తాగుడొక్కటే మాన్పించాలనుకుంటే నిలబడదు.

రెండోది: తపన తగ్గించే మందు ఈయనకి పనికొస్తుందా? నాల్ట్రెక్సోన్ తాగాలన్న తపననీ, తాగితే వచ్చే హుషారునీ తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానేసిన మనిషి నిలబడటానికి తోడ్పడుతుంది. లివర్, కిడ్నీల పరిస్థితి చూసి ఏది ఇవ్వాలో డాక్టరే నిర్ణయిస్తారు. డైసల్ఫిరామ్ అనే మూడో మందు ఉంది. అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. అమ్మా, ఇక్కడ ఒక్కమాట. "తెలియకుండా అన్నంలో కలపండి, మానేస్తాడు" అని అమ్మే పొడుల జోలికి పోవద్దు. అందులో ఏముందో మీకు తెలియదు. డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, తెలియక తాగిన మనిషి గుండెకే ముప్పు. ఏ మందైనా ఆయనకి తెలిసి, ఆయన ఒప్పుకుని, డాక్టర్ చెప్తేనే ఇవ్వాలి.

మూడోది: డిశ్చార్జి అయ్యాక ఏడాది పాటు మమ్మల్ని ఎవరు చూస్తారు? కౌన్సెలింగ్ ఎన్నాళ్ళకోసారి? కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడతారా?

ఎక్కడికి వెళ్ళాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446కి చేయండి. మత్తు మాన్పించడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు. 14416 టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రైవేటు సెంటర్‌కి వెళ్తే రిజిస్ట్రేషన్ చూపించమనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తు వ్యసనాల చికిత్స కూడా వస్తుంది. గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం నిషేధించింది. డాక్టర్ ఎప్పుడెప్పుడు వస్తారో చెప్పకపోయినా, మీ మనిషిని నెలల తరబడి చూడనివ్వమన్నా, "నూటికి నూరు శాతం గ్యారంటీ" అన్నా అక్కడ చేర్పించకండి.

మళ్ళీ తాగిన రోజు

ఆ రోజు రావచ్చు. ఒక గ్లాసు తాగిన మనిషి "అంతా పోయింది, స్వామికి ద్రోహం చేశాను" అనుకుంటాడు. ఆ సిగ్గు భరించలేక బాటిల్ మొత్తం తాగేస్తాడు. మొదటి గ్లాసు కన్నా ఆ సిగ్గే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా ఆ రాత్రి లెక్కలు తేల్చుకోవద్దు. మత్తులో ఉన్న మనిషితో వాదన వద్దు. చెయ్యి చేసుకుంటే పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళిపోండి, సాయానికి 112కి ఫోన్ చేయండి. ఆయన జబ్బు పడ్డాడని మీరు దెబ్బలు ఓర్చుకోవాలని ఏ ధర్మమూ చెప్పదు. తెల్లవారి, మత్తు దిగాక, ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ పాత అలవాటు గట్టిపడుతుంది.

42వ రోజు

మాల తీసే ముహూర్తం చూసుకుంటాం కదా. ఈసారి అదే రోజు డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా రాసిపెట్టుకోండి. ఆ సాయంత్రం ఆరింటికి ఆయన ఎక్కడ ఉంటారో, పక్కన ఎవరుంటారో ముందే అనుకోండి. పీఠంలో తాగుడు మానిన పెద్ద స్వామి ఒకరుంటే, రోజూ సాయంత్రం ఒక ఫోను చేయమని అడగండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాద్‌లోనూ జరుగుతాయి. ఫీజు ఉండదు. తెల్లవారుజాము స్నానం, సాయంత్రం దీపం మాల తీశాక కూడా కొనసాగించండి. వాటికి మాలే ఉండాలని లేదు.

గురుస్వాములకి ఒక విన్నపం. మాల తీసిన మనిషికి వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. "తాగావా?" అని అడగొద్దు. "స్వామీ, మందులు వేసుకుంటున్నారా? డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?" అని అడగండి.

దీక్ష ఆయన మానగలడని 41 రోజులు చూపించింది. 42వ రోజు నుంచి వైద్యం కూడా ఆయనకి తోడుండాలి. మీ ఇంట్లో ఇలాంటి వారుంటే ఈ పాఠం వాళ్ళ పక్కన కూర్చుని చదివి వినిపించండి. శుభం.