పెనవేత, సమాచారం, శక్తి

వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో చేసే పెట్ స్కాన్ గురించి మనలో పలువురు వినియే ఉంటారు. రోగికి ఎక్కించే చక్కెరవంటి మందులోని ఫ్లోరిన్-18 పరమాణువు ఒక పాజిట్రాన్‌ను వెలువరిస్తుంది. అది శరీరంలోని ఎలక్ట్రాన్‌ను కలియగానే రెండూ నశించి, సామాన్యంగా రెండు ఫోటాన్లు పుట్టి ఎదురెదురు దిక్కులకు సాగిపోతాయి. ఒక్కొక్కదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ శక్తినీ, అవి ఒకేసారి చేరుటనూ గమనించి యంత్రం చిత్రాన్ని రచిస్తుంది.

ఆ జంటలో శక్తియే గాక మరొక సంపద కూడ ఉన్నది. సిద్ధాంతం ప్రకారం ఆ ఫోటాన్ల ధ్రువణాలు పెనవేసుకొని ఉంటాయి. ధ్రువణాల నడుమ గల సంబంధాన్ని 1950లో వూ, షాక్‌నోవ్ అనే శాస్త్రజ్ఞులు కొలిచారు.

పెనవేత అనగా నేమి? ఒక చెప్పుల జతను చూడకుండా రెండు పెట్టెలలో వేశామనుకొందాము. ఒక పెట్టెలో ఉన్నది కుడిదో ఎడమదో తెలియదు; ఆ అనిశ్చితి ఒక బిట్. రెండు పెట్టెలనూ కలిపి లెక్కించినా అనిశ్చితి ఒక బిట్టే. పెనవేసుకొన్న ఫోటాన్ల సంగతి వేరు. విడిగా చూస్తే ఒక్కొక్కదానికి ఒక బిట్. జంటగా చూస్తే శూన్యం! మొత్తం సంపూర్ణంగా తెలిసియు, భాగం ఏమాత్రమూ తెలియదు.

ఈ సంపదకు శక్తితో పోలిక కలదు. పలుచని మజ్జిగను చిలికి వెన్న తీసినట్లు, బలహీనమైన జంటలు అనేకం నుండి గట్టి జంటలు కొన్నింటిని రాబట్టవచ్చునని బెనెట్ బృందం 1996లో చూపింది. దూరాన ఉన్న ఇద్దరు ఎవరి చోట వారు పనిచేస్తూ, ఎంత మాట్లాడుకొన్నా, సగటున ఆ వెన్నను పెంచలేరు. ఉష్ణగతిక రెండవ నియమాన్ని ఇది తలపిస్తుంది.

పోలిక అంతటితో ఆగదు. ఒక బిట్ సమాచారాన్ని చెరిపివేయుటకు కనీస శక్తి వ్యయం తప్పదని 1961లో లాండౌవర్ తెలిపాడు. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద అది, ఒక జౌలును కోటి కోటి కోట్ల భాగాలు చేస్తే, అందులో సుమారు మూడు భాగాలు. చెరిపే వస్తువుతో పెనవేసుకొన్న జ్ఞాపకం మన చేతిలో ఉంటే, ఖర్చుకు బదులు శక్తియే లభించవచ్చునని 2011లో వెలువడిన ఒక సిద్ధాంతం చెప్పినది. అయితే అది ఉచితం కాదు, పెనవేత ఖర్చయిపోతుంది.

పెనవేతయే శక్తి అని మాత్రం భ్రమించరాదు. శక్తి రూపం మారునే గాని నశించదు. పెనవేత చిన్నపాటి అలజడికే చెదరిపోగలదు. దానితో మాత్రమే సందేశాలు పంపుట కూడ అసాధ్యం.

శరీరంలో చెల్లాచెదరైన ఫోటాన్లను అసలు జంటల నుండి వేరుచేయుటకు ఈ ధ్రువణ సంబంధం తోడ్పడునా అని నేడు పరిశోధకులు పరీక్షిస్తున్నారు. అది ఫలిస్తే రోగికి మరింత స్పష్టమైన చిత్రం లభించగలదు.