జర్మన్‌లో సలహా చెప్పబోయే పిల్లలకు

జర్మనీకి నర్సులుగా, విద్యార్థులుగా వెళ్లే మన పిల్లలకు చాలా ఏళ్లుగా జర్మన్ నేర్పుతున్నాను. వ్యాకరణం పుస్తకంలోనే దొరుకుతుంది. ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోకుండా సలహా చెప్పడం మాత్రం మనుషుల మధ్య మసలితేనే అబ్బుతుంది. నాకు తెలిసినంతలో చెబుతాను.

1. 'మీరు' అన్నంతనే మర్యాద పూర్తికాదు. తెలుగులో "డాక్టరుకు చూపించుకోండి" అంటే ఆ 'అండి'లోనే ఆప్యాయత ఉంది. జర్మన్‌లో 'జీ' అని గౌరవంగా పిలిచినా, "గేయెన్ జీ త్సుమ్ ఆర్ట్స్ట్" అంటే అది ఆదేశమే. "జీ జోల్టెన్ త్సుమ్ ఆర్ట్స్ట్ గేయెన్" అనండి. క్రియ కొన్యుంక్టివ్ 2 అనే, మాటను మెత్తబరిచే రూపంలోకి మారగానే ఆదేశం సలహా అవుతుంది. మనం "చూపించుకుంటే మంచిదేమో" అన్నప్పుడు చేసే పని కూడా ఇదే.

2. జోల్స్ట్, జోల్టెస్ట్ రెండూ ఒకటి కాదు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "డు జోల్స్ట్ త్సుమ్ ఆర్ట్స్ట్ గేయెన్" అంటే 'నిన్ను డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నారు' అని ఇంకొకరి మాట చేరవేసినట్టు. "డు జోల్టెస్ట్" అంటేనే అది మీ సలహా. ఆఫీసులో తోటి ఉద్యోగికి జోల్టెన్ అనాల్సిన చోట జోల్లెన్ అన్నారనుకోండి, పైఅధికారి చెప్పి పంపారని ఆయన కంగారుపడతాడు. పలకడంలోనూ జాగ్రత్త కావాలి. 'కొన్టె' అంటే గతంలో చేయగలిగాడని, 'క్యోన్టె' అంటే చేయవచ్చని. జోల్టెకు ఆ తేడా లేదు, భూతకాలానికీ సలహాకూ ఒకటే రూపం. సందర్భాన్ని బట్టే అర్థం.

3. "ఆన్ ఈరర్ ష్టెల్లె వ్యుర్డె ఇహ్..." అంటే 'మీ స్థానంలో నేనైతే' అని. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మీరు ఏం చేస్తారో చెబుతున్నారు తప్ప అవతలివాళ్లు ఏం చేయాలో చెప్పడం లేదు. వాళ్లు ఒప్పుకోకపోయినా మిమ్మల్ని కాదన్నట్టు ఉండదు. స్నేహితులతో 'ఈరర్' బదులు 'డైనర్'. క్రియ రెండో స్థానంలోనే ఉండాలి కాబట్టి వ్యుర్డె ముందు, ఇహ్ తర్వాత. తెలుగు వరుసలో ఆలోచిస్తే ఇది తారుమారవుతుంది. నోటికి వచ్చేదాకా పైకి చదవండి.

4. ఇంకా మెత్తగా చెప్పాలంటే "డు క్యోన్టెస్ట్". ఉన్న దారుల్లో ఇదొకటి అన్నట్టు. జోల్టెస్ట్ దానికంటే బలం. మ్యుస్టెస్ట్ ('చేయాల్సిందే అన్నట్టు') ఇంకా బలం, కొత్త పరిచయంలో వద్దు. గోథె బి1 పరీక్షలో ఇద్దరు కలిసి ఒక పని ఏర్పాటు చేసుకునే భాగం ఉంటుంది. అక్కడ "వీర్ క్యోన్టెన్" (మనం చేయవచ్చు), "వీ వేరె ఎస్, వెన్..." (ఇలా చేస్తే ఎలా ఉంటుంది) బాగా పనికొస్తాయి.

5. జరిగిపోయినదాని మీద సలహా చెప్పకండి. "జీ హెట్టెన్ ఫ్ర్యూయర్ కొమ్మెన్ జోల్లెన్", అంటే ముందే రావాల్సింది. ఇదీ కొన్యుంక్టివే. చివర రెండు క్రియలు పెట్టి తప్పు లేకుండా కట్టగలిగితే మన పిల్లలకు భలే సంతోషం. కానీ మంచం మీద ఉన్న రోగికి అది నింద. వ్యాకరణం సరైనంత మాత్రాన మర్యాద అయిపోదు.

6. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెత్తదనం ప్రమాదం. పడబోతున్న వృద్ధురాలితో 'మీ స్థానంలో నేనైతే' అనరు. "హాల్ట్!", "ఫోర్జిష్ట్!" అంతే. మందుల విషయమూ అంతే: "నేమెన్ జీ డీ టాబ్లెట్టె డ్రైమాల్ టేగ్లిహ్", రోజుకు మూడుసార్లు వేసుకోండి. అక్కడ జోల్టెన్ అంటే వేసుకోకపోయినా ఫరవాలేదేమో అనుకుంటారు.

7. అడగని సలహా చెప్పాల్సివస్తే ముందు అనుమతి అడగండి: "డార్ఫ్ ఇహ్ ఈనెన్ ఐనెన్ రాట్ గేబెన్?", మీకొక సలహా చెప్పవచ్చా అని. వద్దంటే ఆపేయండి.

8. ఈ రూపాలు అలవాటు కావాలంటే పెద్ద సందర్భాల కోసం కాచుకోకండి. మొదటి వారంలో నేర్చుకున్న "ఇహ్ మ్యోహ్టె" (నాకు కావాలి) కూడా కొన్యుంక్టివ్ 2నే, 'మ్యోగెన్' నుంచి వచ్చింది. జర్మనీ చేరిన తెల్లవారే బేకరీకి వెళ్లి "ఇహ్ హెట్టె గెర్న్ త్స్వై బ్ర్యోట్‌షెన్" అని అడిగి రెండు రొట్టెలు తెచ్చుకోండి.