సెలవుదినములను గూర్చి మేనకోడలికి

విజయనగరము,
కార్తికమాసము.

చలి మొదలైనందున మీ అమ్మమ్మ మోకాళ్ళనొప్పి కొంచెము హెచ్చినది.

నీ లేఖ అందినది. హైదరాబాదు గచ్చిబౌలిలో కొండలెక్కువారి బృందమొకదానితో పరిచయమైనదనియు, వారు ప్రతి శనివారాదివారములు ఏదో ఒక గుట్టకు బయలుదేరుదురనియు, నీకు వారితో పోవ నుత్సాహము కలదనియు, అయితే వారమునకు దొరకెడి ఆ రెండు దినములును వారికే ఇచ్చినచో ఇంటివారి కేమి మిగులునని మీ అమ్మ చిన్నబుచ్చుకొన్నదనియు వ్రాసి, రెండింటిలో ఏది విడువవలెనో చెప్పుమని నన్నడిగితివి. నేను మీ అమ్మకు అన్నను గనుక నా తీర్పు ఆమెవైపే మొగ్గునని నీవు ముందుగనే ఊహించి యుందువు. అట్లు కాదు, ఏదియు విడువ నక్కరలేదు. కాని కొండకు పోవుటయు, బంధువుల యింటికి పోవుటయు, నీవిప్పుడు తలచుచున్న తీరున మాత్రము సాగరాదని నా యభిప్రాయము.

ముందు కొండల మాట. పదిమంది కలిసి నడచుట మనవారికి క్రొత్తగాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో తిరిగివచ్చి, ఆ దారి వృత్తాంతమంతయు మనకు మిగిల్చిపోయిరి. ఆ గ్రంథమున నన్నాకర్షించునది క్షేత్రమాహాత్మ్యములకంటె, ఏ యూర నీరు మంచిది, ఎక్కడ బసకు వసతి కలదు, ఏ త్రోవ బండ్లకు కష్టము, ఎక్కడ సరకులు దొరకును అని ఆయన విసుగులేక వ్రాసికొన్న వివరములే. నీవు చేరదలచిన బృందమును కూడ ఈ గీటురాతిమీదనే గీసి చూడుము. బయలుదేరుటకు ముందే నీరెక్కడ దొరకును, ఎన్ని గంటలకు దిగివత్తుము, ఎవరికైన కాలు బెణికినచో ఎటునుండి దింపుదుము, అటవీశాఖవారి అనుమతి కావలసిన చోటైన అది తీసికొంటిమా అనునవి చెప్పగలవారితో నిస్సంకోచముగ పొమ్ము. పోయినసారి తీసిన ఛాయాచిత్రములు మాత్రమే చూపువారితో పోవలదు. మొదటిసారికి ముందు ఆ బృందములోని ఆడపిల్లలతో, నిర్వాహకులు లేనప్పుడు, ఒక్కమారు మాటలాడుము. రాత్రులు గుడారములలో ఉండెడి కార్యక్రమములు ఆరుమాసములు గడచువరకు నీ కక్కరలేదు. ఇది నా చాదస్తమని నవ్వుకొన్నను సరే.

హైదరాబాదు చుట్టుపట్ల ఉన్నన్ని రాళ్ళు మన కళింగసీమలో లేవు. ఇన్నూటయేబది కోట్ల సంవత్సరములనాటి ఆ నల్లసేనపురాళ్ళు, ఎవరో ఒకదానిపై నొకటి పేర్చి మరచిపోయినట్లు నగరము నడుమనే నిలిచియుండగా, వానిని పగులగొట్టి మేడలు కట్టుచుండుటచూచి బాధపడినవారు కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంస్థను నెలకొల్పిరి; వారు నెలనెలా ఏదో ఒక రాళ్ళగుట్టకు జనమును నడిపించుకొని పోవుదురు, పిల్లలును వృద్ధులును గూడ వత్తురు. నీ ఆరంభమునకు అటువంటి నడక తగినది. ఆ పిమ్మట భువనగిరి.

భువనగిరి నీవు రైలుకిటికీనుండి చూచియే యుందువు. కాజీపేట దారిలో పోవువారికి ఆ ఏకశిల కనబడక తప్పదు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట వెలసిన ఆ దుర్గమునకు సికింద్రాబాదులో బండి ఎక్కిన గంట, గంటన్నరలో చేరవచ్చును. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, పదమూడేండ్ల ప్రాయమున 2014 మే 25వ తేదీన ఆ శిఖరమున నిలువకముందు, సాంఘిక సంక్షేమ గురుకులమునుండి వచ్చి మొదట రాతిని పట్టుట నేర్చినది ఈ బండమీదనే. మెట్లున్నంతవరకు ఎవరైన ఎక్కుదురు. మెట్లు ముగిసి నున్నని బండ వాలుగా లేచిన చోటనే మనిషి నైజము తెలియును. అక్కడ ఒక చేయి గాని కాలు గాని కదల్చునప్పుడు తక్కినవి మూడును రాతిని వదలరాదు. రాతిపై పాదము పూర్తిగ ఆనవలెను, మునివేళ్ళపై నిలువరాదు. దిగునప్పుడు తొందర అసలు పనికిరాదు, ఏలయన ఎక్కునప్పుడు ఊపిరి మాత్రమే అలయును, దిగునప్పుడు మోకాళ్ళును బొటనవ్రేళ్ళును అలయును. ముందురోజు రాత్రి కాలిగోళ్ళు కత్తిరించుకొనుము. ఇంత చిన్నమాట ఎవరును చెప్పరు, దిగివచ్చిన తరువాత గోరు నల్లబడినప్పుడు మాత్రము అందరును చెప్పుదురు.

మరి రెండు జాగ్రత్తలు. ఎండ ముదిరినకొలది ఆ రాయి పెనమగును. గనుక తెల్లవారుసరికి కొండ మొదట నుండి, పదిగంటలలోపల దిగివచ్చునట్లు చూచుకొనుము, రెండు లీటర్ల నీటికి తోడు ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా ఉండనిమ్ము. రెండవది, కొండచరియలక్రింద వ్రేలాడు పెద్ద తేనెపట్లు. అత్తరులు పూసికొనివచ్చి, పొగ పెట్టి, కేకలు వేసి ఆ ఈగలను రేపినవారి పాపము వెనుక వచ్చువారిని కుట్టును. పట్టు కనబడిన చోట మాటలు మాని, త్రోవ మార్చుకొని పొమ్ము.

ఇంతకంటె ముఖ్యమైనది నీవు బృందములో ఎక్కడ నడతువు అనునది. క్రొత్తగా చేరినవారందరికిని ముందువరుసలో నడువవలెనని కోరిక. శిఖరము మొదట చేరినవారికి చప్పట్లు కూడ కొట్టుదురట. నీవు మాత్రము తరచుగ చివరనే నడువుము. చివర నడచునామెకు ఊపిరందదు, ఆమెకై అందరు ఆగుచున్నారని సిగ్గు, ఆ సిగ్గువలన నీరు త్రాగుటకైన ఆగదు, అందువలన ఇంకను త్వరగా సొలసిపోవును. అట్టి యామె ప్రక్కన నిలిచి, నీవే పాదరక్షల ముడి సవరించుకొను నెపమున కూర్చుండిన, ఆమెయు కూర్చుండును. మల్లి మస్తాన్‌బాబు మన నెల్లూరుజిల్లా గాంధీజనసంఘమున పుట్టి, 2006లో ఏడు ఖండముల ఏడు శిఖరములను 172 దినములలో ముగించిన ధీరుడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు తుపానులో చిక్కి, తిరిగి రాలేదు. నేనాతని సాహసమును తక్కువచేయుటలేదు. మనవంటివారికి ప్రక్కన మనుష్యుడుండుట కొండపై మొదటి అవసరమని మాత్రము చెప్పుచున్నాను.

ఇక ఇంటివారి సంగతి. మల్కాజిగిరిలో మా అక్కయ్య, నీకు పెద్దమ్మ, ఉన్నది. నీవు హైదరాబాదు చేరిన తరువాత ఆమె యింటికి పోయితివా అని నేనడుగను, ఆమెయే నాకు చెప్పినది. ఒకే ఊరిలో ఉన్న చుట్టము ఎప్పుడైన చూడవచ్చునను ధైర్యమున ఎప్పుడును చూడబడకపోవును; దూరపు చుట్టమునకైన రైలు టిక్కెట్టు కొని పోవుదుము. మీ బృందమువారి పట్టికలో మౌలాలి గుట్ట ఉండకపోదు. కుతుబ్‌షాహీలనాటి దర్గా శిరస్సున నున్న ఆ గుట్ట మల్కాజిగిరికి కూతవేటు దూరము. ఉదయము దానినెక్కి, దిగి, చెమట ఆరకముందే పెద్దమ్మ యింటికి పొమ్ము. ముందురోజు ఫోను చేసి, "వంటలేమియు చేయవలదు, చారన్నము చాలు" అని చెప్పుము. అయినను ఆమె చేయును, అది వేరుమాట. ఫోను చేయక పోయినచో మాత్రము ఇంట కూరగాయ లేదని ఆమె నొచ్చుకొనును. భోజనమైన పిమ్మట ఆమె ప్రక్కనే చాపవేసికొని గంటసేపు నిద్రింపుము. అతిథివలె కుర్చీలో కూర్చుండి గడియారము చూచినదానికంటె, ఆ నిద్రకు ఆమె ఎక్కువ సంతోషించును.

విజయనగరము రాకపోకలను గూర్చియు ఒక మాట. మొన్న పైడితల్లమ్మ సిరిమానుకు నీవు వచ్చితివి, రెండు దినములుంటివి, మీ అమ్మతో పట్టుమని పది మాటలు మాటలాడితివా? ఇల్లంతయు జనము, మూడులాంతర్లనుండి కోటవరకు వీధులన్నియు జనము, వచ్చినవారికి కాఫీలందించుటలోనే మీ అమ్మ కాలము గడచిపోయినది. పండుగకు వచ్చుట బంధుధర్మము, దానిని మానవలదు. కాని దానినే తల్లిదండ్రులను చూచుటగా లెక్కవేసికొనవలదు. ఏ విశేషమును లేని వారాంతమున, శుక్రవారము సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుసరికి విశాఖలో దిగి, అక్కడనుండి పాసింజరో బస్సో పట్టుకొని రమ్ము. ఏడాదికి అటువంటి రాకడలు కొన్ని ఉన్నను మీ అమ్మ నోట నిష్ఠురము రాదని నేను హామీ ఇత్తును.

వచ్చినప్పుడేమి చేయవలెనని అడుగుదువేమో. పని చేయవలెను. ఈ మాసమున మీ నాన్న పింఛనుకై జీవనధ్రువపత్రము సమర్పింపవలెను. బ్యాంకులో వ్రేలిముద్ర యంత్రము ఆయన అరిగిన వ్రేళ్ళను గుర్తింపదు, ఆయన నాలుగుమార్లు వ్రేలు తుడిచి నాలుగుమార్లు అవమానపడును. అక్కడ ఆయన వెంట నుండుము. మీ అమ్మమ్మ వద్ద చిక్కుడుకాయల చాట ముందిడుకొని కూర్చుండుము. ఊరక ఎదుట కూర్చుండి "పాత సంగతులు చెప్పు అమ్మమ్మా" అన్న ఆమె నవ్వి ఊరకుండును. చేతులు ఈనెలు తీయుచుండగా మాత్రము మాట తనంతట వచ్చును. మొన్న అట్లే, కాయను విరిచి ఈనెను పొడవునా లాగి, పుచ్చును వ్రేలితో తీసి పడవేయుచు, పెండ్లికాకపూర్వము తాను సింహాచలము మెట్లదారిని ఎక్కి గంగధారలో తల తడుపుకొని, తడిచీరతోనే దర్శనమునకు నిలిచిన సంగతి చెప్పినది. ఇన్నేండ్లుగ కొడుకునై యుండియు నేనెరుగని మాట అది. నీకుమాత్రమే కాదు, మన కుటుంబమున కొండలెక్కు వ్యసనము పూర్వమునుండి కలదన్నమాట!

ఇంటివారిని చూడ వచ్చుటయన ఇంట కూర్చుండుటయే యని అనుకొనవలదు. రామతీర్థము మనకు గంట దూరము కూడ లేదు. మీ నాన్నకు మధుమేహము. వైద్యుడు నడువుమనును, ఆయన వీధిచివర కిళ్ళీకొట్టువరకు నడచి నడచితిననును. ఆయనను అక్కడి గురుభక్తులకొండకు తీసికొనిపొమ్ము. ఆ శిథిలములైన బౌద్ధవిహారముల ఇటుకలు చూచినచో, చరిత్రోపాధ్యాయుడైన ఆయనకు తాను కొండనెక్కుచున్న సంగతియే జ్ఞాపకముండదు. ఆయన పాఠము మొదలుపెట్టిన నీవు విసుగుకొనవలదు. పాఠము చెప్పుచు ఆయన నెమ్మదిగ నడచును, అదియే మనకు కావలసినది. ఈ కార్తికమున ఎటులైనను ఉసిరిచెట్టు నీడన వనభోజనము ఉండవలెను గదా. కొండదిగువనే చేసికొందము, పులిహోర నా వంతు.

తిరుమలకు కాలినడకను పోవలెనని మీ అన్నకొడుకు పట్టుపట్టుచున్నాడని విన్నాను. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారిమెట్టున 2,388, పిల్లవాడు ఎక్కగలడు. కాని 2023 ఆగస్టులో ఆ అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టపెట్టుకొన్న పిమ్మట దేవస్థానమువారు పిల్లలతో పోవువారికి వేళలు నిర్ణయించిరి. పోవునప్పటి నిబంధనలు విచారించుకొని, ఉదయమే ఎక్కి, పిల్లవానిని నడుమ నుంచుకొని నడువుడు. వాడు ముందుకు పరుగెత్తును; పరుగెత్తనీయవలదు.

చివరకు మీ అమ్మ చెప్పవద్దన్న సంగతి యొకటి చెప్పుచున్నాను. వచ్చే ఆషాఢమున సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ చేయవలెనని ఆమెకు మనసైనది. ముప్పదిరెండు కిలోమీటర్లు, పున్నమి ముందురోజు మధ్యాహ్నము తొలిపావంచ వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన, అడివివరము, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగ అప్పుఘర్ చేరి సముద్రస్నానము చేసి, సీతమ్మధార, ఎన్ఏడీ, గోపాలపట్నము చుట్టి తిరిగి కొండమొదటికి వచ్చుసరికి చాలమందికి తెల్లవారును. లక్షలాదిజనమున ఆమె ఒంటరిగ నడువరాదు. నేను తోడు నడచెదనన్న నా మోకాళ్ళు వినవు. నీవు ఇప్పటినుండి గుట్టలెక్కుచుందువు గనుక ఆ రాత్రికి నీ కాళ్ళు సిద్ధముగ నుండును. వేగము ఆమెది, సంచి నీది. అప్పుఘర్ వరకు నడచి చాలునన్న చాలుననుము, తక్కిన సగము మరుసటి యేడాదికి. నేను అక్కడ పొడిబట్టలు, ఇడ్లీల డబ్బా పెట్టుకొని ఆటోతో కాచుకొని యుందును.

ఆ వారమున రైళ్ళలో చోటు దొరకుట దుర్లభము. టిక్కెట్ల అమ్మకము తెరచిననాడే గోదావరిలో క్రిందిబెర్తు చూచుకొని, ఏ తేదీకి దొరికినదో నాకు మాత్రమే వ్రాయుము. మీ అమ్మకు నేను చెప్పను.

ఇట్లు,
మీ మామయ్య.