ఒకే రశీదు, రెండు ఫోల్డర్లు: జీమెయిల్‌ను కంప్యూటర్‌లో పెట్టుకునే ముందు



పోయిన ఏడాది జూలైలో మా ఎనిమిదో తరగతి విద్యార్థిని వాళ్ల అమ్మగారు నన్ను కలవడానికి వచ్చారు. పాప ఫీజు రశీదులన్నీ ఆవిడ జీమెయిల్‌కే వస్తాయి. పాత పన్ను విధానంలో ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది కాబట్టి రిటర్న్ వేసేటప్పుడు అవి కావాలి. ఆవిడ ఎంతో పద్ధతిగా ఒక్కో రశీదుకు ‘ఫీజు’, ‘పన్ను’ అని రెండు లేబుల్స్ పెట్టుకున్నారు. ఇంట్లో కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వేసుకున్నాక అదే రశీదు రెండు ఫోల్డర్లలో కనిపించింది. రెండేసి కాపీలు ఎందుకని మే నెలలో ‘పన్ను’ ఫోల్డర్‌లోవన్నీ డిలీట్ చేశారు. జూలైలో చూస్తే ‘ఫీజు’ ఫోల్డర్‌లో కూడా లేవు. “అందులో నేను చెయ్యే పెట్టలేదు మేడమ్” అన్నారు. నిజమే, పెట్టలేదు.

ఏం జరిగిందో అర్థం కావాలంటే ఫోల్డర్‌కీ లేబుల్‌కీ ఉన్న తేడా తెలియాలి. ఫోల్డర్ అంటే బీరువాలో అర లాంటిది. ఒక కాగితం ఒక అరలోనే ఉంటుంది, ఇంకో అరలో కావాలంటే జిరాక్స్ తీసి పెట్టాలి. 2004లో వచ్చిన జీమెయిల్ ఈ పద్ధతి వదిలేసింది. అక్కడ ఉత్తరం ఒక్కటే, దాని మీద ఎన్ని చీటీలైనా అంటించుకోవచ్చు. ఆ చీటీలే లేబుల్స్. ఇన్‌బాక్స్ కూడా నిజానికి ఒక చీటీయే.

థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రామ్‌లు మెయిల్ సర్వర్‌తో మాట్లాడే భాష ఐమ్యాప్. అది జీమెయిల్ కంటే చాలా పాతది, దానికి తెలిసినవి ఫోల్డర్లే. అందుకని 2007లో ఐమ్యాప్ సౌకర్యం ఇచ్చినప్పుడు జీమెయిల్ ప్రతి లేబుల్‌నూ ఒక ఫోల్డర్‌గా చూపించడం మొదలుపెట్టింది. తికమక అంతా ఇక్కడే.

దీన్ని మీ పిల్లలు మీకంటే ముందు పట్టేస్తారు. లెక్కల్లో సమితుల పాఠం చదివినవాళ్లనైతే ఇలా అడిగి చూడండి: ‘ఫీజు’లో 12 మెయిల్స్, ‘పన్ను’లో 9, రెండింట్లోనూ ఉన్నవి 7. మొత్తం ఎన్ని? 21 అని పెద్దవాళ్లం అంటాం. వాళ్లు రెండు వలయాలు గీసి 14 అని చెప్తారు. ఛేదనంలో ఉన్న మూలకం రెండు మూలకాలు కాదు కదా!

ఇక సెటప్ పెద్ద పనేమీ కాదు. థండర్‌బర్డ్ ఉచితం. పేరు, మెయిల్ అడ్రస్ ఇస్తే సర్వర్ వివరాలు అదే వెతుక్కుంటుంది. ఐమ్యాప్, పాప్ అని రెండు దారులు చూపిస్తే ఐమ్యాప్ ఎంచుకోండి, పాప్‌లో మీ లేబుల్స్ రావు. తర్వాత గూగుల్ సైన్-ఇన్ విండో తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అక్కడే ఇవ్వాలి. నెట్ సెంటర్‌లోనూ ఆఫీసులో నలుగురూ వాడే కంప్యూటర్‌లోనూ మాత్రం ఈ పని పెట్టుకోకండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఆ తర్వాత. ముందుగా బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి ‘లేబుల్స్’ పేజీకి వెళ్లండి. మీరు పెట్టుకున్న ప్రతి లేబుల్ పక్కనా ‘షో ఇన్ ఐమ్యాప్’ అనే గడి ఉంటుంది. కంప్యూటర్‌లో అక్కర్లేని వాటికి టిక్ తీసేయండి. మెయిల్స్ ఏమీ పోవు, ఆ ఫోల్డర్ థండర్‌బర్డ్‌లో కనిపించదు, అంతే. ‘ఆల్ మెయిల్’ను మాత్రం ఉంచండి. అందులో స్పామ్, ట్రాష్ తప్ప మీ ఉత్తరాలన్నీ ఉంటాయి. కాకపోతే అది చాలా పెద్దది కాబట్టి థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’లోకి వెళ్లి, దాన్ని కంప్యూటర్‌లోకి దించుకోకుండా టిక్ తీసేస్తే డిస్క్ నిండిపోదు.

పంపిన మెయిల్స్ విషయం చిన్నదే. జీమెయిల్ తన సర్వర్ ద్వారా వెళ్లిన ప్రతి మెయిల్‌నూ తానే దాచుకుంటుంది. థండర్‌బర్డ్ కూడా కాపీ పెడితే పని రెండుసార్లు అవుతుంది. ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో ఆ టిక్ తీసేయొచ్చు.

ఇప్పుడు ఆ అమ్మగారి సంగతి. థండర్‌బర్డ్‌లో మామూలుగా డిలీట్ నొక్కితే మెయిల్ ట్రాష్‌లోకి వెళ్తుంది. కొందరికి అది బిన్ అనే పేరుతో కనిపిస్తుంది. ట్రాష్‌లోకి వెళ్లిందంటే ఒక చీటీ ఊడినట్టు కాదు, ఉత్తరమే చెత్తబుట్టలో పడ్డట్టు. మిగతా లేబుల్స్ అన్నిటి నుంచీ మాయమవుతుంది, 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. మేలో పోయినవాటిని జూలైలో వెతికితే ఎలా దొరుకుతాయి? మా ఆఫీసు వాళ్లు డూప్లికేట్ రశీదులు తీసిచ్చారు. పాప అంతకుముందు చదివిన స్కూల్ నుంచి రావాల్సినవి మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదని ఆవిడ తర్వాత చెప్పారు.

ఒక లేబుల్ మాత్రమే తీసేయాలంటే బ్రౌజర్‌లో ఆ మెయిల్ తెరిచి, లేబుల్ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కండి. థండర్‌బర్డ్‌లోనే చేయాలంటే ఆ ఫోల్డర్ నుంచి మెయిల్‌ను ‘ఆల్ మెయిల్’లోకి మూవ్ చేయండి. ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదాంట్లోకి మూవ్ చేస్తే పాత లేబుల్ పోయి కొత్తది వస్తుంది. కాపీ చేస్తే పాతది ఉంటుంది, కొత్తదీ చేరుతుంది. మొదటిసారి ఏదైనా పనికిరాని ప్రకటన మెయిల్ మీద చేసి చూడండి, రశీదుల మీద వద్దు.

“కంప్యూటర్‌లో ఉంది కదా, అదే బ్యాకప్” అని చాలామంది నాన్నగార్లు అంటుంటారు. ఐమ్యాప్ అద్దం లాంటిది. అక్కడ పోయింది ఇక్కడా పోతుంది. హాల్ టికెట్, టీసీ, మార్కుల మెమో, రశీదు లాంటివి ఉన్న మెయిల్స్‌ను ఎంచుకుని, థండర్‌బర్డ్‌లో ‘లోకల్ ఫోల్డర్స్’ కింద మీరు తయారుచేసుకున్న ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అవి ఇక జీమెయిల్‌తో సంబంధం లేకుండా మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. కంప్యూటర్ పాడైతే అవీ పోతాయి కాబట్టి పీడీఎఫ్‌లను ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోవాలి. ఆ అమ్మగారి ఇంట్లో ఇప్పుడు ఈ పని పాపది. కొత్త రశీదు రాగానే లోకల్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లో కూడా వేస్తోందట. డిలీట్ కీ నొక్కే హక్కు మాత్రం ఇంకా అమ్మగారికే ఉంది.