ఫీజుతో పాటు ఇంటర్న్‌షిప్ గురించీ అడగండి

టెక్కలి నుంచో బొబ్బిలి నుంచో ఓ కుర్రాడు విదేశంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఫీజెంత అని. అప్పు చేసేది అమ్మానాన్నలే కాబట్టి అడగాల్సిందే. కోర్సులో ఇంటర్న్‌షిప్ ఉందా, ఎన్ని నెలలు, ఎక్కడ, జీతం ఇస్తారా అన్నవి కూడా అదే రోజు తేల్చుకోవాలి. ఈ రంగంలో పట్టా ఒక్కటే చూసి పని అప్పగించేవాళ్లు తక్కువ. ఏ హోటల్లో, ఏ డిపార్ట్‌మెంట్లో, ఎన్నాళ్లు చేశారో అడుగుతారు. పరాయి దేశంలో మనల్ని ఎరిగినవాళ్లుండరు. అక్కడ మన చేత పని చేయించుకున్న మేనేజరు చెప్పే మాటే మనకు పూచీ.

పద్ధతి దేశానికొకటి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీ అనే పని అనుమతి కింద ఇంటర్న్‌షిప్ చేయగలరు. పనిలో చేరకముందే కాలేజీ అధికారి ఆ అనుమతిని ఐ-20 పత్రంలో నమోదు చేయాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే, ఆ డిగ్రీ మీద మరో 12 నెలలు పనిచేసుకునే ఓపీటీ అవకాశం పోతుంది. సీనియర్లు చేశారు కదా అని తొందరపడకండి. ఆస్ట్రేలియాలో తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని. అయితే కోర్సులో తప్పనిసరి భాగంగా నమోదైన శిక్షణ ఆ లెక్కలోకి రాదు. జర్మనీలో అవుస్‌బిల్డుంగ్ అనే మూడేళ్ల వృత్తి శిక్షణ ఉంది, హోటల్లో పని నేర్పుతూనే నెలనెలా జీతమిస్తారు. దానికి జర్మన్ బాగా రావాలి.

రెస్టారెంట్లో పార్ట్‌టైమ్ చేస్తాం కదా, మళ్లీ ఇంటర్న్‌షిప్ దేనికని కొందరు అడుగుతారు. పార్ట్‌టైమ్‌లో గిన్నెల దగ్గర నిలబడితే ఏడాదంతా గిన్నెల దగ్గరే గడిచిపోవచ్చు. మంచి ఇంటర్న్‌షిప్‌లో డిపార్ట్‌మెంట్లు మారుస్తారు, పనితీరుపై రాతపూర్వకంగా మార్కులు వేస్తారు.

నా సలహా అడిగితే, విమానం ఎక్కేముందే ఇక్కడొకసారి పనిచేసి చూడండి. జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ నడిపే డిగ్రీలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ తప్పనిసరి. కిచెన్, సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, నాలుగూ తిరగాలి. వేరే కోర్సువాళ్లు కూడా వేసవిలో విశాఖ హోటళ్ల హెచ్ఆర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం నుంచి రైల్లో దగ్గరే. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. దాని చుట్టూ హోటళ్లు రాకుండా ఉండవని నా నమ్మకం.

కళింగపట్నం తీరాన పెరిగిన పిల్లకు చేప తాజాదో కాదో ఒకరు చెప్పక్కర్లేదు. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది, కన్ను తేటగా ఉందో లేదో చూస్తుంది. హోటల్ కిచెన్‌లో ఆ చూపుకు రాత తోడవుతుంది. చేప దిగగానే థర్మామీటర్ పెట్టి డిగ్రీలు రిజిస్టర్‌లో వేయాలి, డబ్బా మీద తేదీ అంటించాలి, ముందు వచ్చింది ముందు వాడాలి. వండింది 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండనివ్వకూడదు. సింగపూర్‌లోనైనా దుబాయ్‌లోనైనా షెఫ్ మొదట అడిగేవి ఇవే. మనవాళ్లకు సగం విద్య ఇంట్లోనే వచ్చింది. మిగతా సగం ఓ సీజన్ పనిచేస్తే అలవడుతుంది.

నాకు బెంగగా ఉండేది ఏజెంట్ల విషయంలో. ఉద్దానం నుంచి ఉద్యోగాలకని విదేశాలకు వెళ్లి మోసపోయినవాళ్ల కథలు మన ఉత్తరాంధ్ర జిల్లాలకు కొత్తకాదు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ పేరు చెప్పి హోటల్లో కూలిపనికి పంపేవాళ్లూ ఉన్నారు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూస్తే ఉందో లేదో తెలుస్తుంది. చదువులో భాగమంటే మాత్రం కాలేజీ నుంచే ఉత్తరం రావాలి. అందులో హోటల్ పేరు, డిపార్ట్‌మెంట్, వారానికి గంటలు, స్టయిపెండ్, వసతి ఎవరిదన్నది రాసి ఉండాలి. ఆ హోటల్‌కు మీరే మెయిల్ పెట్టి నిజమో కాదో కనుక్కోండి. జవాబు వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.