సిగ్గును దాటితేనే స్వస్థత: సరిహద్దులు దాటిన ఒక పాఠం



హెచ్.ఐ.వి. గురించి ఆసుపత్రి గదిలో మాట్లాడుకుంటాం. ఆరాధన ముగిశాక సంఘంలో మాత్రం ఆ మాట ఎత్తడానికి వెనుకాడతాం. ఆఫ్రికాలోని విశ్వాసులు ఈ మౌనాన్ని ఎలా దాటారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక కాపరి చెప్పిన నిజం

ఉగాండాలోని ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా గారి భార్య 1991లో మరణించారు. కారణం ఎయిడ్స్ అని తరువాత తెలిసింది. ఆయన పరీక్ష చేయించుకోగా తనకూ హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. 1992లో ఆ సంగతి దాచకుండా చెప్పారు. అప్పటికి ఇప్పటివంటి మందులు లేవు. అయినా ఆయన పరిచర్య ఆగలేదు.

ఆయన, మరికొందరు మతగురువులు కలిసి ఆఫ్రికా దేశాలలో ఒక సమాఖ్యను ఏర్పరచారు. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు, కుటుంబంలో ఆ బాధను చూసినవారు అందులో సభ్యులు. క్రైస్తవులతో పాటు ముస్లిం గురువులూ చేరారు. 2008లో అది 'ఇనెరెలా ప్లస్' అనే పేరుతో ప్రపంచ సమాఖ్యగా ఎదిగింది.

నీతిబోధ ఒక్కటే ఎందుకు చాలదు?

పవిత్రంగా ఉండండి, భార్యాభర్తలు ఒకరికొకరు నమ్మకంగా ఉండండి అని సంఘాలు బోధించాయి. అది మంచి మాటే. అయితే నమ్మకంగా ఉన్న భార్యకు భర్త ద్వారా సోకవచ్చు. బిడ్డకు తల్లి ద్వారా సోకవచ్చు. నీతిబోధ ఒక్కటే వినిపించే చోట వీరిపై కూడా పాపి అనే ముద్ర పడుతుంది. ఆ ముద్రకు భయపడినవారు పరీక్షకు రారు, మాత్రలు దాచిపెట్టి మింగుతారు, చివరకు మానేస్తారు. అప్పుడు ప్రాణానికే ముప్పు.

అందుకే ఆ గురువులు 'సేవ్' అనే పద్ధతిని బోధించారు. అందులో నాలుగు మెట్లు ఉన్నాయి:

1. సురక్షితమైన అలవాట్లు: నమ్మకమైన దాంపత్యం, అవసరమైన చోట కండోమ్, పరీక్షించిన రక్తం, శుభ్రమైన సూదులు.
2. అందరికీ మందులు అందడం.
3. ఇష్టపూర్వకంగా పరీక్ష, దానితో పాటు సలహా.
4. చదువు, అవగాహన ద్వారా ధైర్యం.

ఈ రోజు మనకున్న నిరీక్షణ

మందులు రోజూ వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే నిలిచి ఉంటే, లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. చికిత్స లేకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. సరైన చికిత్సతో అది 5 కంటే తగ్గుతుంది. గర్భిణులు మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి. బిడ్డకు పాలిచ్చే విషయంలో డాక్టరు గారి సలహా పాటించాలి.

మన దేశంలో 2004 నుండి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాలలో మందులు ఉచితం. 2017లో చేసిన చట్టం 2018 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం హెచ్.ఐ.వి. ఉన్నదని ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో వివక్ష చూపరాదు. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సంఘంలో మనం చేయగలవి

ప్రభువు బల్లలో ఒకే గిన్నె నుండి త్రాగినా, చేయి కలిపినా, ప్రేమ విందులో పక్కన కూర్చుని తిన్నా హెచ్.ఐ.వి. సోకదు. ఈ మాట పాస్టరు గారు వేదిక మీద నుండి చెబితే ఎన్నో ఇళ్లలో భయం తగ్గుతుంది. లారీ తోలేవారు, పనుల కోసం దూరప్రాంతాలకు, గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. వారు ఇంటికి వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి పరీక్షకు వెళ్లడం మంచిది. ఎవరైనా తమ సంగతి మీతో చెప్పుకుంటే, వారి అనుమతి లేనిదే ప్రార్థన విన్నపంగా కూడా బయటపెట్టకండి.

ఇంట్లో చర్చించుకోండి

1. మన సంఘంలో ఒకరు తమకు హెచ్.ఐ.వి. ఉందని చెబితే, వచ్చే ఆదివారం వారి పక్కన ఎవరు కూర్చుంటారు?
2. మన పిల్లలు ఈ విషయం మొదట ఎవరి నోట వినాలని కోరుకుంటాం?
3. మనం చివరిసారి పరీక్ష చేయించుకున్నది ఎప్పుడు?